తూర్పు గ్యాలరీ తాళం

యూనివర్సిటీ స్టేడియంలో ఆట ఎప్పుడు మొదలవుతుందో అందరికీ తెలుసు. ఎప్పుడు ముగుస్తుందో తెలిసింది ఆమెకొక్కదానికే. చివరి కుర్రాడు చెమట తుడుచుకుంటూ, సంచి భుజాన తగిలించుకుని వెళ్ళిపోయాక ఆమె పని మొదలయ్యేది.

ముందు పడమటి గేటు. తర్వాత స్కోరుబోర్డు గది. కారుతున్న కుళాయిలు కట్టేసి, ఎవరో మరిచిపోయిన నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు, జత తప్పిన సాక్సులు ఏరి బుట్టలో పడేసి, ఆఖరున తూర్పు గ్యాలరీ దగ్గరికి వచ్చేది. స్టేడియం మొత్తంలో పాతది అదే. పైన జనం కూర్చునే సిమెంటు మెట్లు. కింద, ఆ మెట్ల కడుపులో, పొడుగాటి నడవా. నడవాకి అటూ ఇటూ బట్టలు మార్చుకునే గదులు, సామాన్ల గది, దెబ్బ తగిలినవాళ్ళకి కాళ్ళు పట్టే గది. పట్టపగలు కూడా దీపం వెయ్యకపోతే తన చెయ్యి తనకే కనపడదు. గీతలు గీసే సున్నం వాసన, పాత చెమట వాసన, నొప్పులకి రాసే మందు ఘాటు కలిసిపోయి గోడల్లోకి ఇంకిపోయాయి.

నడవా మొదట్లో ఇనుప కటకటాల గేటు. దాన్ని పట్టుకుని ఆమె లోపలికి కేకేసేది.

"ఎవరైనా ఉన్నారా?"

ఆ మాట చీకట్లో చివరిదాకా నడిచి వెళ్ళి, గోడకి తగిలి, అంతే తీరిగ్గా తిరిగి వచ్చేది. *ఎవరైనా ఉన్నారా...* ఆమె ఆగేది. మళ్ళీ పిలిచేది. మళ్ళీ తన మాటే వచ్చేది. అప్పుడు తాళం వేసేది.

పిల్లలు ఆమెకి 'ఉన్నారా ఆంటీ' అని పేరు పెట్టారు. "ఒరేయ్, ఉన్నారా ఆంటీ వస్తోంది, అందరూ లేనట్టు ఉండండ్రా!" అని క్యాంటీన్లో ఒకడంటే మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. కూతురు అదే యూనివర్సిటీలో చేరేదాకా నవ్వింది.

భర్త పోయిన ఏడాది ఆ ఉద్యోగం దొరికింది. తాళాల గుత్తి చేతికిచ్చింది పాత వాచ్‌మన్. మనిషి మాటకారి. స్టేడియం పుట్టుక దగ్గర్నించి అన్నీ అతని నాలుక మీదే ఉండేవి.

"ఇదంతా ఒకప్పుడు ముళ్ళ బీడమ్మా. రాళ్ళు ఏరింది మొదటి బ్యాచి కుర్రాళ్ళే. సిమెంటు తట్టలు మోసిందీ వాళ్ళే. పరీక్షలు తప్పారు గానీ గ్యాలరీ మాత్రం కట్టారు. తర్వాత వరదొచ్చి ఊరు మునిగితే సగం ఊరు వచ్చి ఈ మెట్ల మీదే కూర్చుంది. పై వరసలో ఒక పిల్ల కూడా పుట్టింది. పెద్దయ్యాక ఆ పిల్లకి ఇక్కడ సీటు మాత్రం రాలేదు, అది వేరే సంగతి."

అలా నవ్విస్తూనే తిప్పాడు ఆ రోజంతా. తూర్పు గేటు దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చాడు.

"ఇక్కడ చెయ్యి కంటే నోరు ముందు పనిచెయ్యాలి. పిలువు. ఆగు. మళ్ళీ పిలువు. నీ మాటే నీకు తిరిగొస్తే తాళం వెయ్యి. వేరే మాట వస్తే వెయ్యకు."

"వేరే మాట ఎందుకొస్తుంది బాబాయ్?" అని ఆమె నవ్వబోయింది.

అతను నవ్వలేదు.

"పెద్ద సెలవులకి ముందు రోజు. పరుగు పందేలకి వెళ్ళే కుర్రాడు ఒకడు, కాలు బెణికి కాళ్ళు పట్టే గదిలో పడుకున్నాడు. నేను పిలిచాను. పలికాడో లేదో వినడానికి ఆగలేదు. బస్సు పోతుందని." గుత్తిలోంచి ఒక పెద్ద తాళంచెవి విడిగా తీసి చూపించాడు. "సెలవులయ్యాక తెరిచింది నేనే. ఇదిగో, ఈ గేటుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వంగి... షూ లేసులు కట్టుకుంటున్నట్టు."

ఆ తర్వాత అతను గుత్తి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

స్టేడియాన్ని కూల్చేస్తారన్న మాట చాన్నాళ్ళు గాలిలోనే ఉంది. ఒక వానాకాలంలో గ్యాలరీ పెచ్చులూడి, లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి బయటపడ్డాయి. ఇంజనీర్లు వచ్చారు. సుత్తితో తట్టారు. పెదవి విరిచారు. స్తంభాలకి కన్నాలు వేసి, పేలుడు మందు కూరి, ఒక్క దెబ్బతో పడగొట్టాలని తేల్చారు. మూడు సార్లు సైరన్ మోగిస్తామన్నారు. మొదటిది జనం దూరం జరగడానికి. రెండోది అంతా సిద్ధమని చెప్పడానికి. మూడోది మోగాక చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆ రోజు పొద్దున కూతురు జడ వేసుకుంటూ అద్దంలోంచి అంది.

"అమ్మా, ఒక్క మాట. ఇవాళ అరవకు."

"ఏం అరుస్తాను?"

"నీకు తెలుసు. మా క్లాసంతా చూడ్డానికొస్తోంది. ఫోన్లు పట్టుకుని కాచుకుని ఉంటారు. నువ్వు ఉన్నారా ఉన్నారా అని మొదలెడితే... ప్లీజమ్మా. నా తల కొట్టేసినట్టవుతుంది."

"నా పని నన్ను చేసుకోనివ్వవా అమ్మడూ?"

"చెయ్యి. కాస్త మెల్లగా చెయ్యి."

తాడు కట్టిన హద్దుకి అవతల జనం తిరనాళ్ళలా మూగారు. కూల్చివేత ఇంజనీరు నెత్తిన పసుపు టోపీ సర్దుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"మా వాళ్ళు గదులన్నీ చూసొచ్చారమ్మా. మీరు కూడా ఓసారి చూసి, ఎవరూ లేరని చెప్తే మొదలుపెట్టేస్తాం. తాళాలు మీ దగ్గరున్నాయి కాబట్టి ఆఖరి మాట మీదే."

ఆమె తూర్పు గ్యాలరీ గేటు పట్టుకుంది. ఇనుము చల్లగా ఉంది. లోపల దీపాలు అప్పటికే పీకేశారు. కొత్తగా పెట్టిన మందు వాసన వస్తోంది, దాని వెనక పాత వాసనలు.

"ఎవరైనా ఉన్నారా?" గొంతు తగ్గించి పిలిచింది.

తన మాటే తిరిగి వచ్చింది.

తాడు వెనక నించి ఎవడో సన్నగా గొంతు మార్చి "ఉన్నారా ఆంటీ!" అన్నాడు. గుంపంతా గొల్లున నవ్వింది. ఆమె ఓరగా చూసింది. కూతురు తల వంచుకుని ఫోన్లో ఏదో చూస్తున్నట్టు నటిస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

రెండోసారి ఇంకా మెల్లగా పిలిచింది. తనకే వినపడీ వినపడనట్టు.

మాట వెళ్ళింది.

తిరిగి రాలేదు.

ఆమె ఆగింది. నడవా అంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంది. అప్పుడు... బాగా లోపల్నించి... ఒక మగపిల్లాడి గొంతు.

"ఒక్క నిమిషం. వస్తున్నా."

కంగారు లేదు. ఏడుపు లేదు. ఏదో చిన్న పని ముగించుకుని వచ్చేస్తానన్నట్టు, మర్యాదగా.

ఆమె గేటు మీంచి చేతులు తీసేసింది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాడు వెనక నించి ఇంజనీరు.

చెప్పవచ్చు. చెప్తే పని ఆగిపోతుంది. మనుషులు టార్చిలైట్లు పట్టుకుని మళ్ళీ గదిగదీ గాలిస్తారు. ఎవరూ దొరకరు. ఉన్నారా ఆంటీకి ఎవరో పలికారట అని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటారు. కూతురు రేపు క్లాసులో ఎలా కూర్చుంటుంది? పైగా వాళ్ళ మనుషులు చూసే వచ్చారుగా. చూశామన్నారుగా...

టక్ మని చప్పుడయింది.

అదేమిటో ఆమెకి వెంటనే తెలియలేదు. కిందికి చూసుకుంది. ఏళ్ళ తరబడి చేసిన పని, చేతులు వాటంతటవే చేసేశాయి. కాసేపట్లో కూలిపోయే గేటుకి తాళం వేసేసింది.

"ఎవరూ లేరు సార్," అంది.

మొదటి సైరన్ మోగింది. ఆమె తాడు అవతలికి వచ్చింది. జనం ఇంకా వెనక్కి జరిగారు. రెండోది మోగింది. ఇంకా వ్యవధి ఉంది. ఒక్క మాట అంటే చాలు. ఆమె నోరు తెరిచింది కూడా. అంతలో కూతురు వచ్చి పక్కన నిలబడి, ఆమె వేళ్ళలో వేళ్ళు పెట్టి, చెవిలో అంది.

"థాంక్సమ్మా."

మూడోది మోగింది.

గ్యాలరీ పేలిపోతుందనుకుంది. పేలలేదు. మోకాళ్ళు పట్టు తప్పిన ముసలిమనిషిలా ఉన్నచోటే కూలబడింది. తర్వాత దుమ్ము. అందరి జుట్టూ ఒక్కసారిగా నెరిసిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

శిథిలాలు ఎత్తుతున్నన్ని రోజులూ ఆమె అక్కడే నిలబడింది. యంత్రం తొండం ముంచి ఎత్తిన ప్రతిసారీ వంగి చూసింది.

"ఏం వెతుకుతున్నారమ్మా?" అని యంత్రం నడిపేవాడు అడిగాడు.

"తాళం."

"అందులో ఏముంది, కొత్తది కొనుక్కోవచ్చుగా."

కటకటాల గేటు మెలికలు తిరిగి బయటపడింది. మనిషి జాడ ఏదీ లేదు. ఒక గుడ్డ పేలిక లేదు, ఎముక ముక్క లేదు. తప్పిపోయారని ఎవరూ ఎవరి కోసమూ రాలేదు. అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆమె తనకి తాను అదే చెప్పుకునేది. ఎవరూ లేరు. ఎవరూ లేరుగా. అయినా ముద్ద దిగేది కాదు. తాళం మాత్రం దొరకలేదు. దాని చెవి ఆమె గుత్తిలోనే ఉండిపోయింది. పారేద్దామని తీసేది. మళ్ళీ గుచ్చేసేది.

ఆమెని కొత్త లైబ్రరీకి మార్చారు. స్టేడియం ఉన్నచోటు చదును చేసి గడ్డి వేశారు. ఏడాది తిరిగాక చరిత్ర చెప్పే మేడం ఒకావిడ పూనుకుని, స్టేడియం జ్ఞాపకంగా అక్కడ ఒక రాయి నిలబెట్టించింది. ఆవిష్కరణ రోజున చుట్టూ పాత ఫొటోలు పెట్టారు. తట్టలు మోస్తున్న కుర్రాళ్ళు, వరదరోజుల్లో మెట్ల మీద కిక్కిరిసిన సంసారాలు, పందెం గెలిచి నోరంతా తెరిచి నవ్వుతున్న పిల్లలు. వాళ్ళలో ఒక బక్కపల్చటి కుర్రాడు ఫొటోకి నిలబడకుండా వంగి షూ లేసు కట్టుకుంటున్నాడు. ఆమె ఆ ఫొటో ముందు నించి త్వరగా జరిగిపోయింది.

పొద్దు వాలుతుండగా మేడం మైకు వదిలి ఆమె చెయ్యి పట్టుకుంది.

"స్టేడియం చరిత్రలో మీ గొంతు కూడా ఉంది కదండీ. ఒక్కసారి పిలవరూ, అప్పట్లో పిలిచినట్టు?"

"వద్దు మేడం. ఇప్పుడేం ఉందక్కడ, గడ్డి తప్ప."

"అందుకే అడుగుతున్నా."

కూతురు ముందుకొచ్చింది. ఈ ఏడాదిలో కొంచెం పెద్దదయింది. "అమ్మా, అప్పుడు అరవద్దన్నది నేనే. చిన్నపిల్లలా మాట్లాడాను. ఇప్పుడు నేనే అడుగుతున్నా, పిలువు. నాకోసం."

ఆమె ఒకప్పుడు గేటున్న చోటుకి వెళ్ళి నిలబడింది. ఎదురుగా ఖాళీ. మాటని తిప్పి పంపడానికి ఒక గోడ లేదు, ఒక మెట్టు లేదు. ఆ ధైర్యంతోనే నోరు తెరిచింది.

"ఎవరైనా ఉన్నారా?"

మాట గడ్డి మీదుగా వెళ్ళి ఎక్కడో కలిసిపోయింది. ఏమీ రాలేదు. ఏమీ లేదు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మేడం కళ్ళు తుడుచుకుంది. ఒకరొకరే కుర్చీలు మడిచి బయల్దేరారు.

కూతురు కదల్లేదు. గడ్డి వైపే చూస్తోంది.

"పద అమ్మడూ."

"ఆగమ్మా. ఎవరో వస్తున్నారు."

"ఎవరు?"

"ఏమో. ఒక్క నిమిషం, వస్తున్నా అన్నాడుగా. నీకు వినపడలేదా?"

ఆమె కూతురి జబ్బ పట్టుకుంది.

"పద."

"అదేంటమ్మా, అవతలి మనిషి వస్తున్నానంటే..."

"పదమన్నానా!"

"వస్తానన్నవాళ్ళ కోసం ఒక్క నిమిషం ఆగలేవా?"

ఆ మాట కత్తిలా దిగింది. నిజమే, ఆగాలి. ఇప్పుడైనా ఆగాలి. తనొక్కతే అయితే ఆగేది, ఏమైతే అదయిందని గడ్డిలో కూలబడి ఎదురుచూసేది. కానీ పక్కన కూతురుంది. ఆమె ఆగలేదు. పిల్లని ఈడ్చుకుంటూ నడిచింది.

వెనక, మెత్తటి గడ్డి మీద, పరుగు పందేల ముళ్ళ షూలు సిమెంటుని గీరుతున్న చప్పుడు... ఒక మెట్టు... ఇంకో మెట్టు... ఒక కాలు కొంచెం ఈడుస్తూ. కిందనించి పైకి వస్తున్నట్టు.

ఆమె వెనక్కి చూడలేదు.

వాళ్ళుండేది యూనివర్సిటీ క్వార్టర్సులో. రెండు గదులు, కిటికీలకి ఊచలు, రావడానికీ పోవడానికీ ఒకటే తలుపు. లోపల గడియ బిగించి, గుత్తి మేకుకి తగిలించింది. కూతురు అలిగి అన్నం తినకుండా పడుకుంది.

"అమ్మా, ఆ రోజు నువ్వు నిజంగా లోపల చూశావా?" అని గోడవైపు తిరిగి అడిగింది.

"చూశాను. పడుకో."

అది ఆ పిల్లకి చెప్పిన మొదటి అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల నమ్మలేదని తెలిసిన మొదటిది.

తెలతెలవారుతుంటే ఆమెకి మెలకువ వచ్చింది. చప్పుడుకి కాదు. వాసనకి. సున్నం... పాత చెమట... నొప్పుల మందు ఘాటు.

లేచి ముందుగదిలోకి వచ్చింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు పడుతోంది. తలుపు వేసినట్టే ఉంది. గడియ పెట్టినట్టే ఉంది.

గడియకి వేసిన తాళం వేలాడుతోంది.

పెద్దది. పాతది. ఒక పక్క సొట్ట. సందుల్లో సిమెంటు దుమ్ము.

మేకు వైపు చూసింది. గుత్తి ఉంది. ఒక్కో చెవీ తడిమింది. లైబ్రరీది ఉంది. బీరువాది ఉంది. ఇంటిది ఉంది. ఆ పెద్దది లేదు.

తలుపుకి అవతల ఎవరో నిలబడ్డారు. ఊపిరి వినిపిస్తోంది. తర్వాత పిలుపు. తగ్గించిన గొంతుతో, ఎవరైనా వింటే నవ్వుతారేమోనన్నట్టు సిగ్గుపడుతూ...

"ఎవరైనా ఉన్నారా?"

తన గొంతే.

ఆమె పలకాలని నోరు తెరిచింది. అంతలో వెనక్కి చూసింది. లోపలి గదిలో, మంచం అంచున కూతురు కూర్చుని ఉంది. జుట్టు ముఖం మీద పడేలా ముందుకి వంగి, తీరిగ్గా, షూ లేసులు కట్టుకుంటోంది.

"ఒక్క నిమిషం," అంది కూతురు తలెత్తకుండా. "వస్తున్నా."

"ఉన్నాం!" ఆమె తలుపు మీద పడి రెండు చేతులా బాదింది. "లోపల ఉన్నాం! నా బిడ్డ ఉంది లోపల! ఆగు... వెళ్ళకు..."

అవతల అడుగులు వెనుదిరిగాయి. తొందర లేకుండా దూరమవుతున్నాయి. కొంచెం దూరంలో ఎవరితోనో అంటున్న మాట స్పష్టంగా వినిపించింది. అదే గొంతు. తన గొంతు.

"ఎవరూ లేరు సార్."

ఎక్కడో మొదటి సైరన్ మోగింది.